ఎదుటి కుర్చీ

మామయ్యా,

"రెండు పక్కలా నువ్వే ఆడతన్నావు. మరి మీ మావ సైన్యమే ఎప్పుడూ ఓడిపోతాదేటే?" మన బల్ల మీది యుద్ధపు ఆటను చూసి, ఈ రోజు నీ సంవత్సరీకం భోజనాలయ్యాక అత్త నా మీద మోపిన అభియోగమిది.

పాచికలు కలిసి రాలేదన్నాను. బొబ్బిలి వీణలకు పోగా మిగిలిన పనస చెక్కతో నువ్వు చెక్కిన సైనికులను చూస్తూ అత్త నవ్వింది. "సాల్లే. అటెళ్ళి కూకోకుండా ఇటునించే సెయ్యి సాపి ఆడతావు. నాను సూళ్ళేదనుకున్నావేటి?"

కళాశాల చర్చల్లో ఎవరికీ తగ్గని నేను పాచికలు పక్కన పెట్టేశాను. ఒంటరిగా ఆడేవాళ్ళు వంతు మారినప్పుడల్లా కుర్చీ మారాలని, ఎదుటి సైన్యం కోసం ఎదుటి నుంచే ఆలోచించాలని నేర్పింది నువ్వే. నీ కుర్చీలో కూర్చోలేక ఆ నియమం తప్పాను. నా వైపు నుంచి నీ సైనికుల ముఖాలు కనబడతాయి గానీ, వాళ్ళకు కనబడే దారి కనబడదు. అలా నువ్వు లేని చోట నిన్ను ఓడిస్తూ వచ్చాను. ప్రత్యర్థి రాని చర్చలో గెలిచామని చెప్పుకునేవాళ్ళను వేదిక మీద ఎంత ఎగతాళి చేశానో తలచుకుంటే సిగ్గేస్తోంది.

రేపు నీ కుర్చీలో కూర్చుని నీ సైన్యాన్ని నడుపుతాను. అభ్యంతరముంటే, మామయ్యా, లేచి చెప్పు.