పారబొయ్యని సీసాలు

ప్రియమైన వదినకు,

ఓడ ఊగుతోంది, అక్షరాలు వంకరపోతే నవ్వకు. మన ప్రయోగశాల పెద్దాయనతో వైర్‌లెస్‌లో మళ్ళీ గొడవైంది.

పైనుంచి రాలే నలుసులు పట్టడానికి లోతులో గరాటు వేలాడదీస్తాం కదా, అందులోకి బియ్యపు గింజంత జీవులు కూడా ఈదొచ్చి పడతాయి. అవి రాలినవి కావు, ఏరేయాల్సిందే. కానీ ఏరేసి మర్చిపోతే ఎలా? రాత్రి పైకొచ్చి మేస్తాయి, తెల్లారేసరికి చీకటి లోతుల్లోకి దిగిపోతాయి. తిన్న కార్బన్‌ని అక్కడ ఊపిరిగా వదులుతాయి, నత్రజనిని అమ్మోనియాగా విసర్జిస్తాయి. అందుకే వలవేసి, బతికున్నవాటిని, అవి వదిలేది నీళ్ళలో చేరేలా, చల్లటి సీసాల్లో పెట్టాను. లోతుకి ఏమెంత దిగుతోందో చెప్పే మన నివేదికలో ఆ వాటా విడిగా చేర్చమంటే, "పురుగుల ఉచ్చకి కూడా లెక్కలా?" అన్నాడు. నోరు మూసుకోకపోతే వచ్చే యాత్రలో నాకు చోటు లేదట.

సరుకుల పడవలో ఆ సీసాల పెట్టె పంపుతున్నాను. నువ్వే కొలవాలి.

నువ్వు పేరు పెట్టిన
పీత

*

ప్రియమైన పీతకు,

పట్టుకుంటే వదలవని ఆ పేరు పెట్టాను, ఇప్పుడు నాకే గుచ్చుకుంటోంది. నీళ్ళలో ఉంటూ మొసలితో వైరమెందుకే? మీ అన్నయ్యా అదే అంటున్నారు. పెద్దాయన నా బల్ల దగ్గరికొచ్చి, పెట్టె రాగానే పారబొయ్యమన్నారు. నాకీ ఉద్యోగం కావాలి, నీకు ఓడ కావాలి. ఈసారికి తలొంచు, తల్లీ.

భయపడుతూ,
వదిన

*

ప్రియమైన వదినకు,

పైన "ప్రియమైన" అని రాయడానికి ఇవాళ చెయ్యి రాలేదు, అయినా రాశాను. పారబోసుంటే నాకు చెప్పకు. ఆ వాటా లేని నివేదిక మీద నేను సంతకం పెట్టను. సముద్రం లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది, అది నీకూ తెలుసు. అయినా సరే, అబద్ధం కింద నా పేరుండదు.

కోపంగా,
పీత

*

ప్రియమైన పీతకు,

చెప్పకన్నావు, చెబుతాను. సింకు దాకా తీసుకెళ్ళి మూత కూడా తిప్పాను, చెయ్యి సాగలేదు. కొలిచాను. నమ్మలేక మళ్ళీ కొలిచాను. నీ జీవులు దించే కార్బన్ తక్కువేం కాదు, నత్రజని వాటా ఇంకా పెద్దది.

ఆ అంకెల కాగితం సమావేశంలో అందరి ముందూ పెట్టాను. పెద్దాయన ముఖం మాడిపోయింది. తర్వాత పక్కకి పిలిచి మెత్తగా, "మీ ఆడపడుచు చోటు ఖాళీయే. ఆ కాగితం వెనక్కి తీసుకో, ఓడెక్కేది నువ్వే" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఒడ్డున కూర్చుని, మీరు పంపిన నీళ్ళు కొలిచినదాన్ని. ఓడెక్కాలని నాకెంత ఆశో నీక్కూడా ఎప్పుడూ చెప్పలేదు. "తీసుకోను" అన్నాను.

మిగతావాళ్ళు పట్టుబట్టారు, మన అంకెలు నివేదికలోకెక్కాయి. మనిద్దరికీ మాత్రం ఓడ లేదు. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. మీ అన్నయ్య రేవుకెళ్ళి ఒక పాత పడవ బేరమాడొచ్చారు.

దిగి రా. వల నువ్వు వెయ్యి, సీసాలు నేను పడతాను. ఎవడాపుతాడో చూద్దాం.

నీ
వదిన