గడ్డిచామంతి పసరు

చేతులకు తొడుగులైనా ఇవ్వకుండా వయ్యారిభామ కలుపు పీకించి నీ ఊపిరి తీశారు, ఎల్లక్కా. ఆ పుప్పొడికి దగ్గి దగ్గి నువ్వు పోయి ఏడాదైంది. ఈ వారం బూర్గంపాడు అవతల అదే మామిడితోటలో నీ కూతురు జ్యోతిని అదే పనికి దించారు. వద్దని మేస్త్రీ మీదికి పోయాను. "చేస్తే చెయ్యమను, లేకుంటే పొమ్మను" అన్నాడు.

జ్యోతికి మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. నువ్వు కొడవలి గాయాలకు చేసినట్టే, గట్టు మీది గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పూసుకుంది. సాయంత్రానికి చర్మం పగిలి నీరు కారింది.

లైబ్రరీలో కూర్చుని చదివాను అక్కా. బంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర, నీ గడ్డిచామంతి, ఆ దిక్కుమాలిన వయ్యారిభామ, అన్నీ ఒకే కుటుంబం. మనం ఒక్క పువ్వనుకునేది ఎన్నో చిన్న పూల గుంపట. నువ్వుంటే విప్పి చూపించమని నా వెంటపడేదానివి. వాటిలో ఒకటి పడని ఒంటికి దాని చుట్టాలూ పడకపోవచ్చట.

అదే జ్యోతికి చెప్పాను.

"మా అమ్మ మందుకే వంక పెడ్తవా మామా? నాలుగు పేజీలు చదివి డాక్టరైనవా?"

"దవాఖానాకు పోదాం రా."

"నేను పోతే నా జాగల ఇంకొకల్ని పెట్టుకుంటరు."

నా కళ్ల ముందే మళ్లీ పూసుకుంది.

సోమవారం అవతలి చెలకలో పీకుడు మొదలు. నా మాట దానికి ఎక్కదు. ఆ తెల్లారేలోపు దాని కలలోకి వచ్చి, పసరు పూయొద్దని నీ నోటితో చెప్పు. పనిలోకి దిగేముందు, అమ్మ ఏమన్నదని దాన్ని అడుగుతాను.