కాంటా అయిపోయాక

శనివారం

పొద్దున మబ్బు పట్టి, పదింటికి ఎండ కాసింది. కొనుగోలు కేంద్రంలో మా వడ్ల కాంటా, అంటే తూకం, అయిపోయింది. అయినా ఇంటికి రాలేదు. పక్క కుప్ప సత్తెమ్మక్కది, ఇంకా తేమ ఉందని కాంటా వేయలేదు. ఆమెతో పాటు కాళ్లతో వడ్లు తిరగేశాను.

"నీ వడ్లు పోయినయ్ గదా తమ్మీ, ఇంటి తొవ్వ మర్సినవా?"

"జరసేపుంట అక్కా."

"వారం నించి ముచ్చట్లతోని నా తల తిన్నవ్. ఇంట్ల నోరు ఇప్పవని మీ ఆమె అంటే ఎట్ల నమ్మాలె?"

చుట్టూ కుప్పల దగ్గరున్న రైతులందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాకు ఒంటరిగా ఉండటమే ఇష్టమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆమె వడ్లు ఇంకో రోజు ఆరకుంటే బాగుండుననిపించింది. వాన పడితే మొలకలొస్తాయి. సిగ్గేసి, ఇంకా గబగబా తిరగేశాను.

నాలుగింటికి తేమ తగ్గి, కాంటా వేశారు. ఐదున్నరకు సత్తెమ్మక్క ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయింది. నేను ఆరింటికి ఇంటికి వచ్చాను.