పైలట్ బొమ్మకు బొట్టు

శంషాబాద్, 2011 జూలై, మంగళవారం రాత్రి

డెబ్బై ఒకటి యుద్ధంలో విమానంతో సహా జాడ లేకుండా పోయిన పైలట్‌కు నేను చేస్తున్న బొమ్మ నిన్న పూర్తయింది. వేలెడంత మనిషి. ఫొటో చూస్తూ ముఖానికి రంగులు వేయడానికే వారం పట్టింది.

ఈ రోజు, బొమ్మ చేయమని అడిగిన ఆయన కూతురు సుజాతక్క తీసుకుపోదామని వచ్చేసరికి, మా అమ్మ ఆ బొమ్మ నుదుట కుంకుమ పెట్టి అగరొత్తి వెలిగించింది.

"పోయినోళ్లకు గట్లనే పెడ్తం గద బిడ్డా," అంది.

సుజాతక్క బొమ్మను ముట్టుకోలేదు. "మా బాపు ఫొటోకు ఇప్పటిదాంక దండ వెయ్యలే పెద్దమ్మా. మా అమ్మ ఇంకా బొట్టు పెట్టుకుంటది." నావైపు తిరిగింది. "జర తుడిచి ఇయ్యి తమ్మీ."

అమ్మనేమనగలను? సాయంత్రం నుంచి తడి దూదితో తుడుస్తూనే ఉన్నాను. ఎరుపు పోవడం లేదు. ఇంకాస్త గట్టిగా రుద్దితే ఆయన ముఖమే పోతుంది.