పెద్ద గుడిలో దొర

1948, ఆదివారం రాత్రి. పట్నం, బావమరిది ఇల్లు.

బిషప్పు గారి పెద్ద గుడి చూపించమని మా ఆవిడ మరియమ్మ ఎన్నాళ్లుగానో అడుగుతుంటే ఇవాళ తీసుకెళ్లాను. ఫాదర్ గారు ప్రసంగం చెబుతుండగా మా ఊరి దొర లోపలికి వచ్చాడు. జనం తిరగబడగానే తన కోటలాంటి గడీకి తాళం వేసి చిలుకూరు పొలాల మీదుగా పట్నానికి పారిపోయిన వీరుడు! కిరాయి ఇంట్లో పొద్దుపోక గుళ్లు చూస్తూ తిరుగుతున్నాడట. నోట్లో పాన్ నములుతూ, పెళ్లివారింట్లో వంటలు చూసినట్టు పీఠం వైపు చూశాడు.

నేను లేచి నిలబడ్డాను. చేతులు కూడా కట్టుకున్నాను.

పూజలో ముందువాళ్లు లేస్తే వెనకవాళ్లూ లేవడం అందరికీ అలవాటే కదా. నా వెనక వరుసలన్నీ లేచాయి. ఫాదర్ గారు బిత్తరపోయి మాట ఆపేశారు. మరియమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

ఆ మూర్ఖుడు అదంతా తన కోసమే అనుకున్నాడు. చెయ్యి ఊపి, "కూసోండ్రి, కూసోండ్రి" అన్నాడు!

పూజ అయ్యాక గుమ్మం దగ్గర నన్ను పిలిచాడు. "మీకు భయం భక్తి ఇంక ఉన్నదిరా. ఇగ నాకేం పరేషాన్? దసరాకొచ్చి గడీ తెరుస్త. ఊర్ల సెప్పు."

ఇల్లు చేరాక మరియమ్మ, "ఏమని సెప్తవ్ ఊర్ల?" అంది.

ఏమని చెప్పను? దొర వస్తే లేవొద్దని రాత్రిబడిలో ఊరివాళ్లకు పాఠం చెప్పింది నేనే.