పాస్, ఫెయిల్ అనకుండా

మార్చి 3, సోమవారం

మొదలుపెట్టేశాను! ఇవాళ్టి నుంచి ఎవరి మీదా తీర్పు చెప్పను. మంచి, చెడ్డ, తప్పు, ఒప్పు, ‘ఇలా ఉండాలి’, ‘అలా ఉండకూడదు’... అన్నీ బంద్.

కారణం మా ఆవిడ. నర్సు. వాళ్ళ ఆసుపత్రి వేరే ఊళ్ళో కొత్త శాఖ తెరిచింది. కారులో రెండు గంటల దారి. హెడ్ నర్సుగా వస్తావా అని అడిగారట. వెళ్తే వారమంతా అక్కడే గది తీసుకుని ఉండాలి. ఇరవయ్యో తారీకులోపు ఏదో ఒకటి చెప్పాలి.

నేను డ్రైవింగ్ టెస్టు ఇన్‌స్పెక్టర్ని. పాస్, ఫెయిల్ అనడమే నా ఉద్యోగం. నిన్న భోజనం దగ్గర ఆవిడ చెంచా కింద పెట్టి అంది: “పెళ్ళయిన దగ్గర్నుంచి ఇంట్లో కూడా టెస్టు ఇస్తూనే ఉన్నానండీ. ఒక్కసారీ పాస్ కాలేదు. అక్కడికెళ్తే కనీసం నా టీకి ఎవరూ మార్కులు వెయ్యరు.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“మా ఆసుపత్రిలో సోమ, శుక్రవారాలు ఒక క్లాసు జరుగుతుంది. వెళ్ళండి. మీరు మారితే ఉంటా. లేకపోతే వెళ్తా.”

వెళ్ళాను. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అట. పేరు పలకడానికే లైసెన్సు కావాలి. కౌన్సెలర్ చిన్నపిల్ల, మా ట్రాక్ మీదికి వస్తే గుర్తింపు కార్డు అడుగుతాను. కానీ స్పష్టంగా చెప్పింది: “ఉన్నది ఉన్నట్టు చూడండి. చూసింది చూసినట్టు చెప్పండి. దానికి మార్కులు వెయ్యకండి. పొరపాటున వేశారనుకోండి, గమనించి వదిలేసి మళ్ళీ మొదలుపెట్టండి. ‘అయ్యో, మళ్ళీ వేశానే’ అని తిట్టుకోవద్దు. అదీ తీర్పే.” రోజూ నాలుగు ముక్కలు రాయమంది. అందుకే ఈ డైరీ.

ఇదేమైనా బ్రహ్మవిద్యా? కళ్ళున్నాయి, నోరుంది. చాలు.

సాయంత్రం 7. మొదటి ప్రయోగం.

“కూరలో ఉప్పు ఉంది,” అన్నాను.

“ఎక్కువైందా?”

“ఉంది. అంతే.”

“పోనీ తక్కువైందా?”

“ఎక్కువ, తక్కువ అనేవి మన మనసు వేసే మార్కులు. ఉప్పు ఉంది.”

ఆవిడ కూర వైపు చూసింది. నా వైపు చూసింది. లేచొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. ఇది కూడా ఫ్యాక్టే!

మార్చి 4, మంగళవారం

ఉదయం 6:30. టీ. వేడిగా ఉంది. గోధుమ రంగులో ఉంది. కప్పు అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. ఎవరు ఊడగొట్టారని అడగలేదు. భేష్! (భేష్ అనడం తీర్పా? శుక్రవారం అడగాలి.)

8:00. మా బావమరిది వచ్చాడు. ఆవిడకి కారు నేర్పిస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు ఇంట్లో ఉండగా ఇంకొకడి దగ్గర పాఠాలేమిటి అంటారా? ఒకసారి నేనూ నేర్పాను. మొదటి కూడలి దగ్గరే ఆవిడ కారాపి, తాళం నా ఒళ్ళో పడేసి, దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. వెనకాల కార్లన్నీ హారన్లు కొడుతుంటే నేను పక్క సీట్లోనే ఉన్నాను. అప్పట్నుంచీ గురువు ఈ తమ్ముడు. వీడు లైసెన్సు తెచ్చుకున్నది మూడో ప్రయత్నంలో. రెండుసార్లు ఫెయిల్ చేసింది నేనే.

వాడి పార్కింగును తీర్పు లేకుండా వర్ణిస్తున్నాను. కారు మా గేటుకి అడ్డంగా ఉంది. ముందు చక్రం పూలకుండీ మీద ఉంది. పూలకుండీ రెండుగా ఉంది.

“ఏం బావా, ఏమీ అనవేం?” అన్నాడు బిక్కుబిక్కుమంటూ.

“అనడానికేముంది? నీ చక్రం కింద మట్టి ఉంది.”

వాడికి చెమట్లు పట్టాయి. ఈ విద్యలో పసుందోయ్!

మార్చి 6, గురువారం

ఆఫీసులో రగడ.

ఉదయం ఒక కుర్రాడికి టెస్టు. రివర్సులో మూడు కోన్లు పడేశాడు. మామూలుగా అయితే “నీకు కారెందుకు నాయనా, గాడిదనెక్కు” అనేవాణ్ణి. ఇవాళ ఊపిరి పీల్చుకుని చెప్పాను: “కారు వెనక్కి వెళ్ళింది. మూడు కోన్లు పడి ఉన్నాయి. కోన్లు నారింజ రంగులో ఉన్నాయి.”

“సార్... పాసా, ఫెయిలా?”

“అలా విడదీసి చూడటం మనసు చేసే గారడీ బాబూ.”

“అంటే పాసేనా సార్?”

“కోన్లు ఉన్నాయి. నువ్వున్నావు.”

వాడు వాళ్ళమ్మకి ఫోన్ చేసి పాసయ్యానని చెప్పేసుకున్నాడు. మా పై ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది. కాగితం మీద ఫలితం అనే గడిలో పాస్ లేదు, ఫెయిల్ లేదు. అందులో నేను ‘గమనించాను’ అని రాశాను.

“ఏమిటండీ ఇది?”

“ఉన్నది ఉన్నట్టు...”

“ఉన్నది ఉన్నట్టు ఫెయిల్ అని రాయండి. రేపు వాడు రోడ్డు మీద మనుషుల్ని గమనిస్తాడు!”

రాశాను. కుర్రాడు ఏడ్చాడు. వాళ్ళమ్మ ఫోన్లోనే నన్ను ఏకిపారేసింది.

మార్చి 7, శుక్రవారం

కౌన్సెలర్‌కి జరిగింది చెప్పాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. (వర్ణన మాత్రమే.)

తేరుకుని చెప్పింది: “సార్, తేడా చెప్పడం వేరు, విలువ కట్టడం వేరు. పాలు విరిగాయో లేదో చూడాలి కదా. టెస్టు ఫెయిల్ అనడం మీ ఉద్యోగం. ‘వీడు పనికిరాడు’ అనడం మీ అలవాటు. ఆ రెండోది మానమంటున్నాను.”

ఎంత చక్కగా చెప్పింది! నాకు బాగా ఎక్కింది. ఎంత ఎక్కిందంటే, మిగతావాళ్ళు మాట్లాడుతుంటే తప్పులు టకటకా పట్టేశాను. బేకరీ ఆయన “మా అన్న స్వార్థపరుడు” అన్నాడు. “తీర్పు!” అన్నాను. కళ్ళజోడు పెద్దావిడ “నా కోడలు నన్ను పట్టించుకోవాలి” అంది. “‘పట్టించుకోవాలి’లో ‘ఆలి’ వచ్చింది, తీర్పు!” అన్నాను. కాసేపటికి ఎవరూ నోరు విప్పలేదు.

కౌన్సెలర్ మెల్లగా అంది: “సార్, ఇక్కడ కూడా టెస్టు పెట్టారు మీరు.”

గురివింద గింజ సామెత గుర్తొచ్చింది. బేకరీ ఆయనకి కూడా గుర్తొచ్చినట్టుంది, పైకే అనేశాడు.

మార్చి 11, మంగళవారం

కొత్త సంగతి కనిపెట్టాను. తిట్టనక్కర్లేదు. ఫ్యాక్టులు చాలు.

“తడి టవల్ మంచం మీద ఉంది.”

“తీస్తానండీ.”

“నిన్న కూడా ఉంది.”

“తీస్తానన్నాగా.”

“మొన్న కుర్చీ మీద ఉంది.”

ఆవిడ టవల్ తీసి, మడిచి, నా ఎదురుగా నిలబడింది. “ఈ కొత్త భాష కన్నా పాత తిట్లే నయమండీ. తిట్టినప్పుడు కనీసం మనిషి మాట్లాడినట్టుండేది. ఇప్పుడు పోలీసు రిపోర్టు చదివినట్టుంది.”

“నేను ఒక్క తీర్పు కూడా చెప్పలేదే!”

“మాటల్తో చెప్పలేదు. మీ ఎడమ కనుబొమ్మ చెప్పింది.”

అద్దంలో చూసుకున్నాను. కనుబొమ్మ పైన ఉంది. దించాను. అదే మళ్ళీ పైకి వెళ్ళింది.

మార్చి 14, శుక్రవారం

క్లాసుకి వెళ్ళలేదు. కారణాలు:

తలనొప్పి.

ఆఫీసులో పని ఎక్కువ.

వాన పడేలా ఉంది. (పడలేదు.)

బేకరీ ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

అయినా ఇంట్లో సాధన చేసుకోవచ్చు. పైకి అనకుండా లోపల అనుకుంటే తప్పు లేదని నా అభిప్రాయం. ఇవాళ లోపల అనుకున్నవి ఇక్కడ రాయను, కాగితం పాడవుతుంది. చెప్పొచ్చిందేమిటంటే, నోరు మాత్రం కదల్లేదు. ఆవిడ ఫోన్లో ఎవరితోనో “ఇంకా చెప్పలేదు, చూస్తున్నా” అంటోంది. నన్నే చూస్తోందని అర్థమైంది. గుండెల్లో రాయి పడింది. ఈ కనుబొమ్మ కూడా కింద పడకపోతే ఎలా?

మార్చి 18, మంగళవారం

ఇవాళ ఆవిడ టెస్టు. మా ఆఫీసులోనే. సొంత మనిషికి నేను టెస్టు పెట్టకూడదు కాబట్టి వేరే ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. నన్ను లోపలే ఉండమన్నారు. కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఏం నడిపింది! ఎత్తు మీద ఆపి, వెనక్కి ఒక్క వేలెడు కూడా జారకుండా ముందుకి కదిలించింది. రివర్సులో ఒక్క కోను కదల్లేదు. నా ఒళ్ళు పులకరించింది. నాకు తెలియకుండానే కిటికీ ఊచలు గట్టిగా పట్టుకున్నాను.

పాస్! మొదటిసారికే!

బయటికి పరిగెత్తాను. బావమరిది గంతులేస్తున్నాడు. ఆవిడ మొహం ఎర్రబడి, కళ్ళు మెరుస్తూ, చేతిలో కాగితం పట్టుకుని నా వైపే చూస్తోంది. అందరూ ఆగారు, నేనేమంటానా అని. నా గొంతులో బోలెడు మాటలున్నాయి. ‘నువ్వు అద్భుతం’ అందామనుకున్నాను. అదీ తీర్పే కదా అని ఒక్క క్షణం ఆగాను. ఆ సందులోంచి నోరు తన పాత దారి పట్టింది.

“ఎడమకి తిరిగేటప్పుడు అద్దం చూడలేదు.”

ఆవిడ కాగితాన్ని రెండు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. బావమరిది నేల చూశాడు. టెస్టు పెట్టిన ఇన్‌స్పెక్టరు కూడా నేల చూశాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. మా అమ్మ చెప్పేది. వింటేగా.

సాయంత్రం 5. ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసింది. “వస్తాను,” అంది. “సోమవారం చేరతాను.” గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

మార్చి 19, బుధవారం

సాధన గీధన ఏమీ లేదు. పోతే పోనీ. ఇవాళ్టి నా తీర్పులు:

కౌన్సెలర్: అనుభవం లేని పిల్ల.

బావమరిది: వెధవ. పూలకుండీ హంతకుడు.

పక్కింటివాళ్ళ కుక్క: దద్దమ్మ. తన తోకని చూసి తనే మొరుగుతుంది.

టెస్టుకి వచ్చిన వాళ్ళు: అందరూ గాడిదలే. అందరూ ఫెయిల్. (పై ఆఫీసరు నలుగురికి మళ్ళీ టెస్టు పెట్టించింది.)

నేను: వీటన్నిటికంటే పనికిమాలినవాణ్ణి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదట. పుడకల దాకా ఆగలేనంది మా ఆవిడ. ఆవిడ తప్పేముంది?

మార్చి 22, శనివారం

అక్కడ గదిలో సామాను పెట్టి రావాలి. దుప్పట్లు, రెండు గిన్నెలు, యూనిఫామ్‌లు వెనక సీట్లో సర్దింది. తమ్ముణ్ణి తీసుకెళ్తుందనుకున్నాను.

“మీరు రండి,” అంది. “పెద్ద రోడ్డు మీద ఇదే మొదటిసారి. పక్కన ఎవరైనా ఉంటే ధైర్యం.”

కూర్చున్నాను. పెదాలు కరిచిపట్టుకున్నాను. ఊరు దాటాం. బాగానే నడుపుతోంది. నా కుడి కాలు మాత్రం లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

అప్పుడొచ్చింది లారీ, పక్క రోడ్డులోంచి, ఒక్కసారిగా.

“గుడ్డిదానా! చంపేస్తావా!” అని అరిచాను.

ఆవిడ బ్రేకేసింది. లారీ ముందునుంచి వెళ్ళిపోయింది. ఆవిడ నెమ్మదిగా కారు పక్కకి తీసి, ఆపి, ఇంజన్ కట్టేసింది. దిగి వెళ్ళిపోతుందనుకున్నాను. దిగలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

“ఇప్పుడు ఆ క్లాసులో చెప్పినట్టు చెప్పండి,” అంది. “ఏం జరిగింది?”

“లారీ వచ్చింది.”

“తర్వాత?”

“నువ్వు బ్రేకేశావు. టైముకే వేశావు. నేను అరిచాను.”

“ఎందుకు?”

“భయమేసింది.”

“లారీకా?”

రోడ్డు మీద కార్లు పోతున్నాయి.

“కాదు. నువ్వు వెళ్ళిపోతున్నావు. నాకు భయంగా ఉంది. మొన్న నువ్వు పాసైనప్పుడు కూడా భయమే వేసింది. అంత బాగా నడిపావు, ఇక నాతో నీకేం పనిలే అనిపించింది.”

ఆవిడ చాలాసేపు నన్ను చూసింది. కళ్ళు తుడుచుకుంది. “ఈ ముక్క ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పారా? చెప్పుంటే ఎన్నిసార్లు ఏడుపు తప్పేదో నాకు.”

“చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. వెళ్ళొద్దే.”

“వెళ్తానండీ,” అంది మెత్తగానే. “నాకు ఆ ఉద్యోగం కావాలి. మీ మీద కోపంతో ఒప్పుకున్నాననే అనుకున్నా. ఇక్కడ దాకా నడుపుకుంటూ వచ్చాక తెలిసింది, కోపం లేకపోయినా వెళ్తానని.”

ఇంజన్ వేసింది. మిగతా దారంతా నేను పొలాలు చూశాను.

మార్చి 24, సోమవారం

మొదటి రోజు.

ఆవిడ పొద్దున్నే వెళ్ళింది. కౌన్సెలర్‌కి ఫోన్ చేశాను. మళ్ళీ వస్తానన్నాను. “మొదట్నుంచీ మొదలుపెట్టాలా?” అని అడిగితే, “ఎప్పుడూ మొదట్నుంచే సార్,” అంది.

సరే. సాధన. ఉన్నది ఉన్నట్టు.

ఉదయం 8. కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఇంకో కుర్చీ ఉంది. వంటింట్లో కుళాయి చుక్క పడుతోంది. కుక్క మొరగడం లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఒక ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉండకూడదు.

‘కూడదు’ వచ్చింది. గమనించాను. తిట్టుకోలేదు. మళ్ళీ మొదలు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ శనివారం వస్తుంది. ఇవాళ సోమవారం.