డ్రమ్ములు మోగినప్పుడు

బేర్ సరాయ్,
12 నవంబరు 1996

జానకి పిన్నికి,

ఎదురుగా అయితే చెప్పలేనని రాస్తున్నాను. కెప్టెన్ జయచంద్ర గారి సంబంధం నాకు వద్దు. ఆదివారం వాళ్లు మాట తీసుకోవడానికి వచ్చేలోపే ఈ సంగతి బాబాయికి చెప్పు.

నిన్న వాళ్లు నన్ను ఆర్కెస్ట్రా కచేరీకి తీసుకెళ్లారు. అన్నీ ఈ కాలపు రచనలే. స్కూల్లో సిస్టర్ పియానో మీద నేర్పినవాటికీ వీటికీ పోలికే లేదు. ఇరవై వయొలిన్లను కమాను కర్రతో గీకుతుంటే గిన్నెలో మాడు గోకినట్టుంది. వినలేక అసహ్యమేసింది. ఆ అసహ్యం ఇంటికొచ్చేలోపు పోయేదే.

తర్వాతి రచనలో ఉన్నట్టుండి డ్రమ్ములు మాత్రమే మోగాయి. కెప్టెన్ గారి నాన్నగారు రిటైరైన కర్నల్ కదా, మిలిటరీలో జాతీయగీతానికి ముందు డ్రమ్ములే మోగుతాయట, జనగణమన మొదలవుతోందనుకుని అటెన్షన్‌లో నిలబడ్డారు.

"లేవమ్మా, జాతీయగీతం!" అన్నారు నాతో.

మా వరుసలోని కంటోన్మెంటు కుటుంబాలన్నీ లేచాయి. కెప్టెన్ గారూ లేచారు. "అంకుల్, బైఠ్ జాయియే!" అని వెనక ఎవరో కూర్చోమంటూ నవ్వుతున్నా డ్రమ్ములు ఆగేదాకా అలాగే నిలబడ్డాం.

కూర్చున్నాక నేను మెల్లగా, "అది రచనలో భాగమేనని హాల్లోకి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఉంది" అన్నాను.

"నేనూ చదివాను. నాన్నగారు లేచారుగా మరి!" అని నవ్వారాయన.

అప్పుడు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు. అందులో ఎక్కువ నా మీదే. నేనూ చదివే లేచాను పిన్నీ.

ఆయన మంచివారే. కానీ తెలిసీ లేచి నిలబడేవాళ్లు ఒకే ఇంట్లో ఇద్దరుంటే, కూర్చోమని చెప్పేదెవరు?

నీ అక్క కూతురు